తాగని సిగరెట్లు రాసుకున్న పుస్తకం

సిగరెట్ మానాలనుకునేవాళ్ళకి డైరీ రాసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. అందులో ఏం రాయాలో చెప్పేవాళ్ళు తక్కువ. దాంతో చాలామంది మొదటి పేజీలో ఒక ఒట్టు రాస్తారు, రెండో పేజీలో ఆ ఒట్టు తప్పినందుకు తమని తాము తిట్టుకుంటారు, మూడో పేజీ ఉండదు. తెలిసినవాళ్ళ దగ్గర ఇలాంటి డైరీలు కొన్ని చూశాను. మనిషి పడ్డ బాధంతా వాటిలో ఉంటుంది. సిగరెట్ గురించి పనికొచ్చే ముక్క మాత్రం ఒక్కటీ ఉండదు. ఎప్పుడు తాగాలనిపించింది, అప్పుడు ఎక్కడున్నాడు, ఎంతసేపు లాగింది, ఎలా పోయింది, ఏదీ తెలియదు.

నేను మానగలిగానంటే ఒక చిన్న నోటుపుస్తకం చేసిన సాయం చాలా పెద్దది. మందు వాడాను, డాక్టరు దగ్గరికి వెళ్ళాను, వాటి గురించీ చెబుతాను. కానీ ఆ పుస్తకం రాసిన పద్ధతి లేకపోతే మిగతావేవీ నిలిచేవి కావని నా గట్టి నమ్మకం. తాగాలనిపించిన ఆ నిమిషంలోనే రాయాలి. తాగిన వాటికంటే, తాగాలనిపించి కూడా వదిలేసిన వాటిని ఎక్కువ శ్రద్ధగా రాయాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

నేను కంట్రోల్ రూములో పనిచేస్తాను. మూడు షిఫ్టుల ఉద్యోగం. గంటగంటకీ ప్యానెల్ మీద రీడింగులు చూసి లాగ్‌బుక్‌లో రాయాలి, మధ్యమధ్యలో కిందికి దిగి మెషీన్ల దగ్గర రౌండు కొట్టి రావాలి, షిఫ్ట్ అయ్యాక వచ్చినవాళ్ళకి చార్జ్ అప్పగించాలి. చేరిన కొత్తలో లాగ్‌బుక్ రాయడం నేర్పిన సీనియర్ కొన్ని కట్టుబాట్లు చెప్పారు. జరిగినప్పుడే రాయాలి, షిఫ్ట్ చివర కూర్చుని గుర్తు చేసుకుంటూ రాయకూడదు. టైము ముందు, సంగతి తర్వాత. తప్పు పడితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. కింద రాసింది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, సరైనది రాయాలి. అభిప్రాయాలు రాయకూడదు. ‘పంపు బాగా లేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘బేరింగ్ టెంపరేచర్ 78’ అని రాస్తే వచ్చేవాడికి ఏం చెయ్యాలో తెలుస్తుంది.

ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన రాత ఇది. సిగరెట్ మానాలని గట్టిగా అనుకున్నప్పుడు దీన్నే తెచ్చి నాకు నేను పెట్టుకున్నాను.

మానే తేదీ ఇంకా వేసుకోకముందు, కొన్ని వారాలు ఏమీ మార్చలేదు. ఎప్పటిలాగే తాగాను, కాకపోతే రాశాను. జేబులో పట్టే చిన్న పుస్తకం, దానికో పొట్టి పెన్సిలు. ఆ పుస్తకాన్ని ప్యాకెట్‌కి ఆనించి, రెండిటినీ కలిపి రబ్బరు బ్యాండు వేశాను. సిగరెట్ తియ్యాలంటే బ్యాండు తియ్యాలి, బ్యాండు తీస్తే పుస్తకం చేతిలోకి వస్తుంది. ముందు రాయాలి, తర్వాతే ప్యాకెట్ తెరవాలి. పేజీలో నిలువు గీతలు కొట్టి గళ్ళు చేసుకున్నాను. టైము, ఎక్కడున్నాను, అంతకుముందు ఏం చేస్తున్నాను, ఎంత బలంగా లాగుతోంది (పదికి ఎంత), చివరి గడిలో తాగానా వదిలానా.

ఈ ‘ముందు రాయడం’ చాలా చిన్న సంగతిలా కనబడుతుంది. నా విషయంలో అదే పెద్ద మార్పు. అంతవరకూ జేబుకీ నోటికీ మధ్య ఆలోచన అనేదే లేదు. ఎన్నో సిగరెట్లు నేను వెలిగిస్తున్నానన్న ధ్యాస లేకుండానే వెలిగేవి. పెన్సిలు పట్టుకుని ‘ఎంత బలంగా’ అనే గడి దగ్గర ఆగితే, చాలాసార్లు నిజంగా పడే అంకె రెండో మూడో. రెండు మార్కుల కోరికకి సిగరెట్ దేనికి అనిపించి బ్యాండు మళ్ళీ వేసేవాణ్ణి. చివరి గడిలో ‘వదిలాను’ అని రాసేవాణ్ణి. ఆ మాట రాసేటప్పుడు పెన్సిలు కొంచెం గట్టిగా నొక్కేవాణ్ణని ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తుంటే తెలుస్తోంది, వెనక పేజీ మీద అచ్చు పడింది.

దీని వెనక ఒక పాత పరిశోధన ఉందని తర్వాత చదివాను. రిచర్డ్ మెక్‌ఫాల్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1970లో కాలేజీ విద్యార్థులతో చేసిన అధ్యయనం అది. కొందరిని తాము తాగిన ప్రతి సిగరెట్‌నీ లెక్క రాయమన్నాడు. ఇంకొందరిని తాగాలనుకుని తాగకుండా ఊరుకున్న సందర్భాలు లెక్క రాయమన్నాడు. మొదటి జట్టు తాగడం పెరిగింది, రెండో జట్టుకి తగ్గింది. చిన్న అధ్యయనమే, అదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పలేం. కానీ నాకు అది చదవగానే ఒళ్ళు ఝల్లుమంది. తాగినవి మాత్రమే రాసుకుంటే ఆ పుస్తకం నిండా సిగరెట్లే ఉంటాయి, తెరిచినప్పుడల్లా అవే గుర్తొస్తాయి. ‘వదిలాను’ అనే మాట కూడా పేజీలో ఉంటేనే మనం వదలగలమన్న సంగతి మన కంటికి కనబడుతుంది.

అప్పటికప్పుడు రాయాలనే నియమానికీ బలమైన కారణం ఉంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన సాల్ షిఫ్‌మన్ అనే పరిశోధకుడు 1990లలో సిగరెట్ మానుతున్నవాళ్ళ చేతికి చిన్న ఎలక్ట్రానిక్ డైరీలు ఇచ్చాడు. కోరిక పుట్టినా, నిగ్రహం తప్పి ఒకటి తాగినా అక్కడికక్కడే అందులో నమోదు చెయ్యాలి. కొన్ని వారాలు పోయాక అదే సంఘటన గుర్తు చేసుకుని చెప్పమంటే, వాళ్ళు చెప్పింది ఆ రోజు నమోదు చేసినదానితో సరిగ్గా సరిపోలేదు. ఎలాంటి మనసుతో ఉన్నారు, ఏం చేస్తుండగా జరిగింది అన్నవే తారుమారయ్యాయి. కంట్రోల్ రూములో పనిచేసేవాడికి ఇందులో వింతేమీ లేదు. తెల్లవారుజామున ఏ అలారం ముందు మోగింది, ఏది తర్వాత మోగింది అన్నది షిఫ్ట్ చివరికి ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెబుతారు. అందుకే కదా లాగ్‌బుక్.

ఆ వారాల పేజీలు నా గురించి నాకు చెప్పిన సంగతి నేను అనుకున్నది కాదు. టెన్షన్ వల్లే తాగుతున్నానని నేను ఎప్పుడూ నమ్మేవాణ్ణి. మెషీన్ ట్రిప్ అయి అందరూ పరుగులు పెడుతున్నప్పుడు తాగిన సిగరెట్ పేజీల్లో దాదాపు లేదు. ఉన్నవన్నీ ఆ గొడవ సర్దుకున్నాక తాగినవి. ‘అంతకుముందు ఏం చేస్తున్నాను’ అనే గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివితే ఒకే వరస. రౌండు అయింది. ఫోను పెట్టేశాను. భోజనం అయింది. బస్సు దిగాను. చార్జ్ ఇచ్చేశాను. పిల్లని స్కూల్లో దింపాను. ఏదో ఒకటి అయిపోయాక! ఒక పని ముగిసిందని ఒంటికి చెప్పుకోవడానికి నాకు సిగరెట్ తప్ప వేరే గుర్తు లేకుండా పోయింది. ఈ ముక్క ఏ పుస్తకంలో చదివినా నమ్మేవాణ్ణి కాదు. నా చేతిరాతలో, నేను పెట్టిన టైముతో సహా ఉండేసరికి కాదనడానికి లేకపోయింది.

దాంతో ఏం చెయ్యాలో కూడా తేలింది. పని ముగిశాక చెయ్యడానికి ఇంకేదో ఒకటి ఉండాలి. రౌండు అయ్యాక మెట్ల దగ్గరున్న కుళాయి కింద మోచేతుల దాకా చన్నీళ్ళతో కడుక్కోవడం మొదలుపెట్టాను. ఫోను పెట్టేశాక లేచి కిటికీ తెరవడం, భోజనం అయిన వెంటనే పళ్ళు తోముకోవడం. ఇవి ఎవరికి వాళ్ళు వెతుక్కోవలసినవి. నావి మీకు సరిపోవు, మీ పేజీలు చదివితే మీవి దొరుకుతాయి.

టెన్షన్ సంగతి కూడా పుస్తకమే తేల్చింది. పని బాగా ఉన్న రోజూ, ఖాళీగా ఉన్న రోజూ, రెండు సిగరెట్ల మధ్య వ్యవధి నాకు ఇంచుమించు ఒకటే. వ్యవధి దాటితే చిరాకు, వేళ్ళు బల్ల మీద కొట్టుకోవడం. నికోటిన్ పొగతో లోపలికి వెళ్ళిన కొద్ది సెకన్లలో, ఇరవై కూడా పట్టకుండా, మెదడుకి చేరుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు. తగ్గుతున్నకొద్దీ మెదడు మళ్ళీ అడుగుతుంది, ఆ అడగడమే మనకి చిరాకుగా, టెన్షన్‌గా తెలుస్తుంది. ఇంకొకటి వెలిగిస్తే శాంతిస్తుంది. అంటే ముందు సిగరెట్ పెట్టిన చిరాకునే తర్వాతి సిగరెట్ తీసేస్తోంది, మనం మాత్రం దాన్ని ఉపశమనం అనుకుని దణ్ణం పెడుతున్నాం.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ మొదట అడిగింది రోజుకెన్ని తాగుతారని కాదు, లేచిన ఎంతసేపటికి మొదటిది తాగుతారని. పుస్తకం తీసి చూపించాను. లేచిన టైమూ మొదటి సిగరెట్ టైమూ ఇంచుమించు పక్కపక్కనే ఉన్నాయి. నికోటిన్‌కి ఎంత బందీ అయ్యామో కొలవడానికి ఫాగర్‌స్ట్రోమ్ పరీక్ష అని ఆరు ప్రశ్నలది ఒకటుంది. అందులోనూ ఈ ప్రశ్నకి చాలా బరువుంది. లేచిన 5 నిమిషాల్లోపు తాగేవాళ్ళకి ఎక్కువ మార్కులు పడతాయి. రాత్రంతా నిద్రలో నికోటిన్ అడుగంటి ఉంటుంది కాబట్టి పొద్దున్నే ఒళ్ళు ఎంత తొందర పెడుతుందో అదే అసలు కొలత. నాకు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాసి, మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదని ఆవిడ చేసి చూపించారు. నెమ్మదిగా కొరకాలి, నోట్లో కారం తగిలినట్టు చురుక్కుమనగానే ఆపి దవడ పక్కన పెట్టుకోవాలి, ఆ చురుకు పోయాక మళ్ళీ కొరకాలి. గబగబా నమిలితే నికోటిన్ పొట్టలోకి పోయి ఎక్కిళ్ళు, వికారం. కాఫీ తాగిన పావుగంట వరకూ వేసుకోకూడదు, కాఫీ వల్ల నోట్లో ఆమ్లం పెరుగుతుంది, అప్పుడు నికోటిన్ సరిగ్గా ఎక్కదు. గమ్, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, వారెనిక్లిన్ లాంటి మాత్రలు, ఇవన్నీ మానే అవకాశాన్ని నిజంగా పెంచుతాయి. ఏ సాయమూ లేకుండా ఒక్కసారిగా మానేసినవాళ్ళలో ఏడాది తర్వాతా మానేసే ఉన్నవాళ్ళు నూటికి అయిదుగురికి మించరు. మందు వాడితే మొనగాడితనం తగ్గిపోతుందనుకునేవాళ్ళని చూస్తే నాకు దిగులేస్తుంది. ఇందులో పందెం ఏమీ లేదు. మానడమే కావాలి.

మానిన రోజు పుస్తకం కొత్తది తీశాను. మొదటి పేజీలో ఒట్టు రాయలేదు. బ్రిటిష్ డాక్టర్ల మీద రిచర్డ్ డాల్ బృందం 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్ళు నడిపిన పరిశోధన ఉంది, దాని ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితాంతం సిగరెట్ తాగినవాళ్ళు తాగనివాళ్ళ కంటే సగటున పదేళ్ళు ముందు పోయారు. అరవై ఏళ్ళకి మానినవాళ్ళు సుమారు 3 ఏళ్ళు, యాభైకి మానినవాళ్ళు 6 ఏళ్ళు, నలభైకి మానినవాళ్ళు 9 ఏళ్ళు తిరిగి సంపాదించుకున్నారు. ముప్ఫైకే మానితే దాదాపు ఆ పదీ దక్కుతాయి. ఈ అంకెలు వరసగా రాసి, నా వయసు పడే చోట ఒక చుక్క పెట్టాను. దాని కింద, 20 నిమిషాలకి గుండె వేగం, రక్తపోటు దిగుతాయి, 12 గంటలకి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది, ఏడాదికి గుండెజబ్బు ముప్పు తాగేవాడితో పోలిస్తే సగమవుతుంది అని రాశాను. మొదటి రెండు గడువులూ ఒకే రోజులో వస్తాయి కదా, అవి దాటినప్పుడు టైము వేసి సంతకం పెట్టాను. పన్నెండు గంటల సంతకం పెట్టినప్పుడు చెయ్యి వణుకుతోంది.

మొదటి మూడు రోజులు అన్నిటికంటే కష్టమని ముందే చెప్పారు, అలాగే ఉంది. అందులో ఒక ఎంట్రీ ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

‘రాత్రి 2.40. రౌండు అయింది. మెట్ల దగ్గర తలుపు. చెయ్యి జేబులోకి వెళ్ళింది, జేబు ఖాళీ. 8. నోట్లో నీళ్ళూరుతున్నాయి. భుజాలు పైకి బిగుసుకున్నాయి. 2.42. 9. ఎవరినైనా ఒకటి అడిగితే ఇస్తారు, కింద ఇద్దరున్నారు. అడగడానికి వాక్యం కూడా తయారైంది లోపల. 2.44. 9 కాదు, 7. భుజాలు దించాను. చన్నీళ్ళు. 2.46. 4. పైకి వెళ్తున్నా. వదిలాను.’

ఇది రాసేటప్పుడు తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తర్వాతి వారాల్లో ఇలాంటివి చాలా రాశాను. అన్నిటికీ ఆకారం ఒకటే. లేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో కొసకి చేరుతుంది, అక్కడ కాసేపు నిలుస్తుంది, దిగుతుంది. కోరిక తీర్చకపోతే అది పెరుగుతూనే పోతుందని, చివరికి తట్టుకోలేమని లోపల ఒక భయం ఉంటుంది. ఆ భయం వల్లే చాలామంది మొదటి నిమిషంలోనే లొంగిపోతారు. నా పేజీల్లో పదికి చేరి అక్కడే ఉండిపోయిన కోరిక ఒక్కటీ లేదు. అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు, కోరికతో కుస్తీ పట్టకుండా, అది ఒంట్లో ఎక్కడ ఎలా తెలుస్తోందో గమనిస్తూ అలని దాటినట్టు దాటమని తన దగ్గరికి వచ్చినవాళ్ళకి నేర్పేవాడు. నాకు ఆ గమనించే పని పెన్సిలు చేసిపెట్టింది. రాయడానికి చూడాలి, చూస్తున్నంతసేపూ నిమిషాలు గడుస్తాయి. కోరిక ఉండేదే ఆ కొద్ది నిమిషాలు.

ఒక వారం పోయాక పేజీల్లో కొత్త గొడవ మొదలైంది. నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంది, చేతులు వణుకుతున్నాయి. మానినందువల్లే అనుకున్నాను. పేజీలు తిరగేస్తే ప్రతి దడకీ గంట ముందో రెండు గంటల ముందో కాఫీ ఉంది. డాక్టరుకి ఫోన్ చేస్తే ఆవిడ ఆశ్చర్యపోలేదు. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాలు లివర్‌లో ఒక ఎంజైమ్‌ని రెచ్చగొట్టి కెఫీన్‌ని తొందరగా బయటికి పంపేస్తాయట. పొగ ఆగితే ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అదే కాఫీకి ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు దాకా నిలుస్తుంది. కాఫీ సగానికి తగ్గించమన్నారు. తగ్గించిన కొద్ది రోజులకే నిద్ర దారిలో పడింది. ఈ ఎంజైమ్ కొన్ని మందుల్ని కూడా ఇలాగే ఖర్చు చేస్తుంది. ఆస్తమాకి వాడే థియోఫిలిన్, మానసిక వైద్యంలో వాడే క్లోజపిన్, ఓలాంజపిన్ లాంటివి వాడుతున్నవాళ్ళు సిగరెట్ మానే ముందు డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, మోతాదు మార్చవలసి రావచ్చు. డైరీలో కాఫీకీ, మందులకీ, నిద్రకీ ఒక గడి పెట్టుకోమని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

దిగులు గురించి కూడా రాయాలి, దీన్ని మగవాళ్ళం బయటికి చెప్పం. రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఎంట్రీ: ‘3.15. ఇంట్లో. ఎవరూ ఏమీ అనలేదు. ఏడుపొచ్చింది. సిగరెట్ కోరిక 2.’ అంతే ఉంది. ఏళ్ళ తరబడి బయటి నికోటిన్‌కి అలవాటుపడి మెదడులో దాన్ని అందుకునే గ్రాహకాలు మామూలుకంటే ఎక్కువవుతాయి. అవి మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా మనసు బోసిపోయినట్టుంటుంది. కొన్ని వారాలు దాటాక మానినవాళ్ళలో ఆందోళన, దిగులు తాగే రోజులకంటే తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి, నా పుస్తకమూ అదే చెప్పింది. అయినా, ఆ దిగులు బరువుగా ఉండి రోజులు గడిచినా వదలకపోతే పుస్తకంతో సరిపెట్టుకోకండి, డాక్టరుకి చెప్పండి.

లాగ్‌బుక్‌కీ దీనికీ ఒకే ఒక్క తేడా పెట్టుకున్నాను. లాగ్‌బుక్ పై అధికారి చూస్తాడు, ఇది ఎవరూ చూడరు. ఒకరోజు మా ఆవిడ ‘ఏమండీ, ఏమిటి అంత రాస్తున్నారు? నా మీద ఏమైనా ఉందా అందులో?’ అంది. ‘ఉంది. నిన్న నీ మీద కసురుకున్నాను కదా, ఆ టైము ఉంది’ అన్నాను. ‘చదవమంటారా?’ అంది. వద్దన్నాను. ఎందుకో చెప్పాను కూడా. నువ్వు చదువుతావని తెలిస్తే నేను నీకు నచ్చేట్టు రాయడం మొదలుపెడతాను, అప్పుడు ఇందులో నిజం పోతుంది. తను కాసేపు ఆలోచించి సరేనంది. ఆ రోజు నుంచి నేను రాస్తుంటే టీవీ సౌండు తగ్గించేది. నాకు దొరికిన సాయాల్లో ఇదొకటి, దీన్ని తక్కువగా చెప్పలేను. మానుతున్నవాళ్ళ ఇంట్లోవాళ్ళు ఇది చదువుతుంటే, దయచేసి ఆ పుస్తకం తెరవకండి.

మరో అలవాటు, ముందుగానే రాసిపెట్టుకోవడం. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు 1990లలో దీని మీద చాలా పనిచేశాడు. ‘తాగను’ అని సంకల్పం చెప్పుకోవడం వేరు, ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముందే కట్టుకోవడం వేరు. రెండోది ఆ క్షణంలో ఆలోచించే పని లేకుండా చేస్తుంది. పుస్తకం చివరి పేజీలో అలాంటివి కొన్ని రాసుకున్నాను. అందులో ఒకటి: ‘ఎవరైనా ప్యాకెట్ చాపితే, మానేశానని చెప్పి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాను.’

నెలలు గడిచాక, కోరికలు రోజుకొకటి కూడా రాని దశలో, మా నాన్నగారిని అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. తొందరలో పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక బయట చెట్టు కింద నిలబడితే, దగ్గరి బంధువొకాయన పక్కకొచ్చి ఏమీ మాట్లాడకుండా ప్యాకెట్ తెరిచి చాపాడు. ప్రేమతోనే చాపాడు, ఆ సమయంలో ఇంకేం చెయ్యాలో ఆయనకీ తెలియదు. ఒకటి కొంచెం పైకి జరిగి ఉంది. నా చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి. అలా వెళ్ళాక నోటికి మాటొచ్చింది, ‘మానేశాను బావా’ అని. తర్వాత జేబులో దొరికిన మందుల రసీదు వెనక రాశాను. టైము 1.20, బలం 10. పూర్తి పది పడిన ఎంట్రీ నా దగ్గర అదొక్కటే, అదీ నెలలు దాటాక. నాన్నగారు ఇంటికొచ్చాక ఆ రసీదుని పుస్తకంలో జిగురు పెట్టి అతికించాను. కోరికలు తగ్గిపోయాయి కదా అని పుస్తకం పారేసినవాళ్ళకి ఇలాంటి రాత్రే ఎదురవుతుంది. అందుకే రాయడానికేమీ లేకపోయినా అది నా సంచీలో ఉంటుంది.

పూర్తిగా మానడం దేనికి, డైరీ పెట్టుకుని రోజుకొకటికి దిగితే చాలదా అని కొందరు అడిగారు. చాలదు. రోజుకి ఒక్క సిగరెట్ తాగినా, గుండెజబ్బు విషయంలో, రోజుకి ఇరవై తాగేవాడికుండే అదనపు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పైగా తక్కువ తాగేవాళ్ళు తెలియకుండానే ఒక్కోదాన్నీ గట్టిగా, లోతుగా పీలుస్తారు. తగ్గించడం మానే తేదీకి వెళ్ళే దారిగా మంచిదే. అక్కడే ఆగిపోతే గుండె ఆ లెక్క ఒప్పుకోదు.

నా షిఫ్టులోనే చిన్న వయసు కుర్రాడొకడున్నాడు. నన్ను చూసి అతనూ మొదలుపెట్టాడు, మూడు వారాలు బాగా నడిచింది. ఒక పొద్దున చార్జ్ తీసుకునేటప్పుడు మొహం వేలాడేసుకుని ‘అన్నా, రాత్రి ఒకటి తాగేశాను. అయిపోయింది, ఇక నావల్ల కాదు’ అన్నాడు. మార్లాట్ ఎక్కువగా హెచ్చరించింది ఈ మాట గురించే. జారి తాగిన ఒక్క సిగరెట్ చేసే నష్టం కంటే, ‘ఇక అయిపోయింది’ అనుకోవడం చేసే నష్టం ఎక్కువ. ప్యాకెట్ మొత్తం తాగించేది ఆ అనుకోవడమే. మా ముందున్న లాగ్‌బుక్ చూపించి అడిగాను: ‘రాత్రి రెండింటికి ఒక రీడింగు తప్పు రాశావనుకో, మూడింటి రీడింగు తియ్యడం మానేస్తావా?’ ‘లేదు, గీత కొట్టి సంతకం పెడతా’ అన్నాడు. ‘ఇదీ అంతే. ఆ ఒక్కటి ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, అంతకుముందు ఏం చేస్తున్నావు, అవి రాయి. తర్వాతి గంట నుంచి మామూలే.’

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అతనికి రాయడం ఇష్టం లేదట, పుస్తకం తీసేసరికి నలుగురూ చూస్తారని సిగ్గట, అందుకే సగం ఎంట్రీలు ఇంటికెళ్ళాక గుర్తు చేసుకుని రాస్తున్నాడట. పుస్తకం వదిలెయ్యమన్నాను. ఫోనులో రికార్డు చేసుకో, ఎవరైనా చూసినా ఫోను మాట్లాడుతున్నావనుకుంటారు, కాకపోతే టైము ముందు చెప్పు, వదిలినవి తప్పకుండా చెప్పు అన్నాను. రెండు వారాల తర్వాత అవన్నీ వరసగా విని తన సంగతి తనే కనిపెట్టాడు. నాలాగా పనులు ముగిశాక కాదు, అతనికి ఫోను మోగగానే లాగుతుంది. మాట్లాడటానికి బయటికి నడుస్తాడు, బయటికి వెళ్ళగానే చెయ్యి జేబులోకి. ఇప్పుడు ఫోను మోగితే కుర్చీలోంచి లేవడం లేదు. కంట్రోల్ రూములో పొగ తాగనివ్వరు, అక్కడే కూర్చుని మాట్లాడుతున్నాడు.